బాయిలర్‌కు ఈఎంఐ పెట్టేముందు బకెట్ పెట్టండి

ప్రశ్న: మా బాయిలర్ పాతబడింది. షవర్‌లో వేడినీళ్ల ధార సన్నగా వస్తోంది, వంటింట్లో ఎవరైనా నల్లా తిప్పితే అదీ ఉండదు. 24 కిలోవాట్లది తీసేసి 35 కిలోవాట్లది పెట్టించుకోమని ఫిట్ చేసే ఆయన అంటున్నారు. అదనపు ఖర్చుకు అత్యవసర నిధి తీయాలా, ఈఎంఐకి వెళ్లాలా?

జవాబు: డబ్బు ఎక్కడి నుంచి తేవాలో తర్వాత చూద్దాం. అసలు ఆ ఖర్చు అవసరమో కాదో ముందు బకెట్‌తో తేల్చుకోండి.

మీది నల్లా తిప్పగానే అప్పటికప్పుడు నీళ్లు కాచే రకమే అనుకుంటున్నాను. అది లోపలికి వచ్చిన నీటినే వేడి చేస్తుంది, లేని నీళ్లను తెచ్చిపెట్టదు. నీటి వేడిని 35 డిగ్రీలు పెంచాలంటే 24 కిలోవాట్లది నిమిషానికి దాదాపు 10 లీటర్లు ఇస్తుంది, 35 కిలోవాట్లది 14 లీటర్లు. మీ పైపులో అన్ని నీళ్లు వస్తున్నాయా?

మెయిన్ లైన్ నుంచి నేరుగా వచ్చే చన్నీళ్ల నల్లా కింద, 10 లీటర్ల దగ్గర గీత గీసిన బకెట్ పెట్టండి. నల్లా పూర్తిగా తిప్పి, గీత దాకా నిండడానికి ఎన్ని సెకన్లు పట్టిందో ఫోన్‌లో చూడండి. 600ను ఆ సెకన్లతో భాగిస్తే నిమిషానికి ఎన్ని లీటర్లో వస్తుంది. 75 సెకన్లు పడితే 8 లీటర్లన్నమాట. అలాంటి ఇంట్లో 35 కిలోవాట్లది పెట్టినా ధార లావెక్కదు. పొద్దున అందరూ నీళ్లు వాడే వేళలోనే కొలవండి. అర్ధరాత్రి లెక్క చూసి మురిసిపోతే లాభం లేదు. నల్లాలన్నీ కట్టేసి గేజ్ చూపించి ‘ప్రెషర్ బాగుంది’ అంటే దాన్నీ లెక్కలోకి తీసుకోకండి, నీళ్లు పారుతున్నప్పటి ప్రెషరే మనకు ముఖ్యం.

తర్వాత వేడినీళ్ల నల్లానూ అలాగే కొలవండి. చన్నీళ్లు దండిగా, వేడినీళ్లు మాత్రం సన్నగా వస్తుంటే లోపం బాయిలర్‌లోనో వేడినీళ్ల లైన్‌లోనో ఉంది. లోపల సున్నం పట్టి ఉండొచ్చు, శుభ్రం చేయిస్తే సరిపోవచ్చు. రెండూ సన్నగానే ఉంటే మెయిన్ వాల్వ్ సగమే తెరిచి ఉందేమో, పాత పైపు పూడుకుపోయిందేమో ముందు చూపించండి. సగం మూసిన వాల్వ్ ఉండగా పెద్ద బాయిలర్ కొనడం నా దృష్టిలో శుద్ధ దండగ.

ఇక డబ్బు సంగతి. పాతది ఇంకా పనిచేస్తోంది కాబట్టి అత్యవసర నిధి జోలికి వెళ్లకండి. కొన్ని నెలలు విడిగా పొదుపు చేయండి. ఈలోగా అది పూర్తిగా మొరాయిస్తే అప్పుడు ఆ నిధి ఉండనే ఉంది. కొలతలో నిమిషానికి 14 లీటర్లకు తగ్గకుండా వచ్చి, రెండు చోట్ల ఒకేసారి వేడినీళ్లు నిజంగా కావాలంటే పెద్దదే తీసుకోండి. ఈఎంఐ తప్పదనుకుంటే నెల వాయిదా ఒక్కటే చూడకండి. ప్రాసెసింగ్ ఫీజుతో కలిపి మొత్తం ఎంత కడతారో, ఒకేసారి కడితే ఎంత తగ్గిస్తారో అడిగి, రెండూ పక్కపక్కన రాసుకోండి. కొటేషన్‌లో బాయిలర్, పైపు పని, ఫిట్టింగ్ వేర్వేరుగా చూపించమనండి. మీరు కొలిచిన లీటర్లను కూడా అందులో రాయించండి.