ఆ గాలిబుడగను మీ పిల్లల చేత గీయించొద్దు

పాపా,

మీ అమ్మ రాత్రి ఫోన్ చేసి చెప్పింది. మీ చిత్తూరు, మదనపల్లె, శ్రీకాళహస్తి, ఇక్కడ తిరుపతి కాలేజీల్లో బయాలజీ చెప్పేవాళ్ళంతా కలిసి ఆన్‌లైన్ ల్యాబ్ పెడుతున్నారట. మైక్రోస్కోపు ఒకచోట ఉంటే పిల్లలు ఎవరి ఇంట్లోంచి వాళ్ళు దాన్ని నడుపుతారట. వినగానే ఎంత సంతోషమేసిందో, అంత గుబులూ పట్టుకుంది. అందుకే ఫోన్లో కాకుండా కూర్చుని రాస్తున్నాను. ఫోన్లో అయితే "సరే పెద్దమ్మా, సరే పెద్దమ్మా" అని పెట్టేస్తావు.

నీకు తెలిసినవి ముందు చెప్పేస్తాను. కరెంటు పోతే ఆగకుండా యూపీఎస్ పెట్టండి. ఎవరి వంతు ఎప్పుడో ముందే రాసి పెట్టండి. పుంగనూరు దాటాక పల్లెల్లో సిగ్నల్ సంగతి నీకు చెప్పక్కర్లేదు, వీడియో ఆగిపోయినా ఫొటో మాత్రం దక్కేలా చూడండి. నవంబరు వానలకు లెన్సులు బూజు పడతాయి, సిలికా జెల్ మారుస్తూ ఉండండి.

ఇక అసలు సంగతి. జువాలజీ ల్యాబుల్లో జంతువుల్ని కోయడం మెల్లమెల్లగా మానుకోవాలని, యూనివర్సిటీలకు రూల్సు పెట్టే యూజీసీ 2011లో చెప్పింది, 2014లో పూర్తిగా ఆపేయమంది. మంచి పనే, నేనూ సంతోషించాను. ఆ రోజుల్లోనే కాలేజీల్లోకి సీడీలు వచ్చాయి. కప్ప బొమ్మలతో మొదలై, బీరువాలో నిక్షేపంలా ఉన్న స్లైడ్లకు కూడా సీడీలే దిక్కయ్యాయి. అప్పుడు ఒక కాలేజీకి ప్రాక్టికల్స్‌కి బయటి ఎగ్జామినర్‌గా వెళ్ళాను. పేరెందుకులే.

పరీక్షకు ముందు రికార్డులు తిరగేస్తున్నాను. నీళ్ళలో బతికే చిన్న జీవి హైడ్రా అడ్డుకోత బొమ్మ దగ్గర చెయ్యి ఆగింది. శరీర కుడ్యం పక్కన, కుడివైపు, కొంచెం పైన ఒక గుండ్రం. నల్లటి మందపాటి అంచు, లోపల తెల్లగా. ఇంకో రికార్డు తీశాను, అక్కడే అదే గుండ్రం. మూడోదీ అంతే. బ్యాచ్‌లో దాదాపు అందరూ పెన్సిలు షేడింగుతో సహా దాన్ని గీశారు. కొందరు బాణం గుర్తు వేసి "అండకోశం" అని రాశారు కూడా. పాపా, అది గాలిబుడగ. స్లైడు మీద కప్పే పల్చటి గాజు, కవర్‌స్లిప్, సరిగ్గా వెయ్యకపోతే పడే బుడగ. సీడీలో ఫొటో తీసిన స్లైడులో అది ఉండిపోయింది. నిజం మైక్రోస్కోపులో అయితే ఫైన్ ఫోకస్ కాస్త తిప్పగానే బుడగ అంచు మందం మారిపోతుంది, కణజాలం అలా మారదు. ఒక్కసారి తిప్పి చూసిన పిల్లకైనా తెలిసిపోయేది. తిప్పడానికి అక్కడేముంది?

అదే హైడ్రా స్లైడును వాళ్ళ బీరువాలోంచి తీయించి పెట్టాను. రంగు కొంచెం వెలిసింది, అంతే. ఒక అమ్మాయి చూసింది, తల ఎత్తింది, మళ్ళీ చూసింది. "మేడమ్, ఇది మా సిలబస్‌లో లేదు" అంది. తర్వాత వచ్చిన అబ్బాయి హై పవర్‌లో పెట్టి కోర్స్ అడ్జస్ట్‌మెంట్, అదే ఫోకస్‌ను గబుక్కున మార్చే పెద్ద మర, తిప్పాడు. టక్‌మని స్లైడు పగిలింది. వాడి ముఖం తెల్లబోయింది. ఆ అమ్మాయి ఏడ్చేసింది. ఆ పిల్లలది తప్పని ఎలా అంటాను?

ఆ సీడీ తయారు చేసినవాళ్ళు సోమరులు కాదు. మూడు కాలేజీల లెక్చరర్లు సెలవుల్లో కూర్చుని చేశారు. ఒకరు ఫొటోలు తీశారు, ఒకరు నోట్సు రాశారు, ఒకరు ప్రశ్నలు కూర్చారు. ఫొటోలు తీసినాయన నోట్సు రాసేవాళ్ళు సరిచూస్తారనుకున్నాడు. వాళ్ళు ప్రశ్నలు కూర్చే ఆమె చూస్తుందనుకున్నారు. ఒక్కరూ దాన్ని ఒక పిల్లవాడి ముందు పెట్టి, వాడు ఏం గీస్తున్నాడో పక్కన నిలబడి చూడలేదు. అన్నిటికంటే దారుణం, మార్కులు మోడల్ బొమ్మతో ఎంత కలిసింది అన్నదాన్ని బట్టి వేశారు. బుడగ గీసినవాడికి ఫుల్ మార్కులు, గీయనివాడికి కోత!

మీరు నలుగురు కలుస్తున్నారని విన్నప్పుడు నాకు మొట్టమొదట కళ్ళముందు కదిలింది ఆ రికార్డులే. నలుగురి పని ఎవరి పనీ కాకుండా పోవడానికి ఎంతోసేపు పట్టదు. అందుకని ప్రతి ప్రయోగానికీ ఒక పేరు ఉండాలి. ఫలానా ప్రయోగం తప్పయితే ఫలానావాళ్ళు జవాబు చెప్పాలి. రాసినవాళ్ళు కాక వేరే కాలేజీవాళ్ళు తమ పిల్లల చేత చేయించి చూశాకే అది అందరికీ పోవాలి. ఇది మొహమాటపడే చోటు కాదు.

మీరు పంచుకోవాల్సింది మైక్రోస్కోపును, జవాబును కాదు. ఉల్లి వేరు కొననే తీసుకో. సీడీల్లో కణ విభజన దశలు ప్రొఫేజ్, మెటాఫేజ్, అనాఫేజ్ ఒక్కోటి ముత్యంలా కనిపిస్తాయి. నిజం స్లైడులో ఎక్కువ కణాలు విభజన మొదలుకాని ఇంటర్‌ఫేజ్‌లోనే ఉంటాయి, మెటాఫేజ్ కోసం వెతుక్కోవాలి. ఆ వెతుకులాటే ప్రాక్టికల్. ప్రతి పిల్లా స్టేజిని తనే జరిపి, తనకు నచ్చిన చోట ఆగి, నూరు కణాలు లెక్కపెట్టనీ. ఎవరి లెక్క వాళ్ళది, ఎవరి ఫొటో వాళ్ళది. నాలుగు కాలేజీలూ నాలుగు వేర్వేరు వేళల్లో వేళ్ళు కోసి, కణాలు ఉన్నవి ఉన్నట్టు ఆగేలా మందులో వేసి ఫిక్స్ చేయండి. ఒకరు తెల్లవారి, ఒకరు పదింటికి, ఒకరు మధ్యాహ్నం, ఒకరు సాయంత్రం. మైటోటిక్ ఇండెక్స్, అంటే నూటికి ఎన్ని కణాలు విభజనలో ఉన్నాయన్న లెక్క, వేళను బట్టి మారుతుందా అని అందరి లెక్కలూ కలిపి చూడొచ్చు. ఒక్క కాలేజీ ఒక్క రోజులో చేయలేని పని అది. కలిసినందుకు ఫలితం అలా ఉండాలి. లెక్క పుస్తకంతో కలవకపోతే మార్కులు కోయకండి, ఎందుకు కలవలేదో రాయమనండి.

నువ్వు పంపిన కాగితాలు చదివాను. కెనడాలో నార్త్ ఐలాండ్ కాలేజీ, అమెరికాలో కొలరాడో కమ్యూనిటీ కాలేజీలు కలిసి నాన్‌స్లో పేరుతో చేసింది కూడా ఈ దారే కదా. పిల్లలు దూరం నుంచి నిజం మైక్రోస్కోపును నడిపారు, రాసిన ప్రయోగాలను ఇంకెవరైనా మార్చుకుని వాడుకునేలా వదిలారు. మన దగ్గర కేంద్రం వర్చువల్ ల్యాబ్స్‌లో అమృత యూనివర్సిటీ వాళ్ళు చేసిన బయాలజీ ప్రయోగాలూ ఉన్నాయి. వాటిని ముందురోజు అభ్యాసానికి పెట్టుకో, ప్రాక్టికల్ బదులు మాత్రం పెట్టకు.

ఇంకోటి. ఇంట్లో చేసుకునే ప్రయోగాలు కూడా ఇవ్వు. అడుగున ఊదారంగు ఉండే రోయో మొక్క ఆకు పొర తీసి ఉప్పునీళ్ళలో వేయడం, ఆకు అడుగున నెయిల్ పాలిష్ పూసి పత్రరంధ్రాల అచ్చు తీయడం, పెరట్లో గడ్డిచామంతి. అంతవరకే. "లోకల్ మొక్కలు తెండి" అని మాత్రం పిల్లలకు చెప్పకు తల్లీ. మన శేషాచలం 2010 నుంచి బయోస్ఫియర్ రిజర్వు. ఎర్రచందనం ఆకు చేతిలో పట్టుకుని అడవి అంచున ఒక కుర్రవాడు కనబడితే ఏమవుతుందో ఆలోచించు. పేరీత మొక్క ఈ కొండల్లో తప్ప ఇంకెక్కడా లేదు. ఫారెస్టువాళ్ళ అనుమతి కాగితం లేకుండా ఒక్క ఆకు కూడా తెప్పించొద్దు. నవ్వకు, ఇది తలుచుకుంటేనే నాకు టెన్షన్.

మీ ల్యాబ్ అటెండరును మీటింగులో కూర్చోబెట్టావా? స్లైడు పెట్టేది, ఆయిల్ తుడిచేది, గడ్డినీళ్ళు మార్చేది ఆయనే. ఆయన లేకుండా గీసిన ప్లాను మొదటి సోమవారమే ఆగిపోతుంది. అప్పుడు అన్నీ నువ్వే నెత్తిన వేసుకుంటావు, నిన్ను నేను ఎరగనా? పదో క్లాసు సెలవుల్లో మా ఇంటికి వచ్చి, వరిగడ్డి నానబెట్టిన నీళ్ళలో పారమీషియం చూస్తూ అన్నం కూడా మానేశావు. అది మైక్రోస్కోపులో కనబడే మేర దాటి పారిపోతే స్లైడును ఎటు జరపాలో తెలియక, తలకిందులుగా కనబడుతుందని నువ్వే కనిపెట్టి, "పెద్దమ్మా, కుడికి పోతే కుడికే జరపాలి!" అని ఇల్లంతా అరిచావు. అది నేను చెప్పి ఉంటే నీకు అంత సంబరం ఉండేదా? మీ స్క్రీను మీద ఆ తిరగేసిన బొమ్మను సరిచేసి చూపిస్తారో, అలాగే ఉంచుతారో నలుగురూ మాట్లాడుకోండి. నన్నడిగితే మొదటి ప్రయోగంలో అలాగే ఉంచమంటాను.

రాత్రి పదకొండు దాటాక ఆ కంప్యూటరు ముందు కూర్చోవద్దు. నీ మెడనొప్పి సంగతి మీ అమ్మ దాచిపెట్టినా నాకు తెలుసు. పనులు పంచు. మదనపల్లె ఆయన మంచివాడన్నావు కదా, బుకింగులు ఆయనకు అప్పజెప్పు.

ఉల్లి వేరు ప్రయోగం షీటు రాయగానే నాకు వాట్సాప్‌లో పంపు, ఎర్రసిరాతో దిద్ది పంపుతాను. మైక్రోస్కోపు సిద్ధమైన రోజు పిల్లలకంటే ముందు ఒక వంతు నాకు ఇవ్వు. నా పాత ఫోన్‌తోనే, మేడ మీద గదిలో సిగ్నల్ సరిగ్గా రాని చోటే కూర్చుని నూరు కణాలు లెక్కపెడతాను. ఎక్కడ తికమకపడ్డానో అన్నీ రాసి ఇస్తాను.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ
తిరుపతి