రివాల్వర్‌ను క్లినిక్ మిషన్‌లో కడిగించొచ్చా?

ప్రశ్న: కరీంనగర్ దగ్గర నాకు రైస్ మిల్లు ఉంది. లైసెన్సు మీద .32 రివాల్వర్ కొన్నాను, కాన్పూర్ తయారీ. ఎంత రుద్దినా సిలిండర్ సందుల్లో మసి పోవడం లేదు. మా బావమరిది డెంటల్ డాక్టర్. పరికరాలు కడిగే అల్ట్రాసోనిక్ మిషన్ ఆయన క్లినిక్‌లో ఉంది. "సాయంత్రం ఇచ్చి వెళ్లు బావా, పొద్దున తీసుకెళ్దువు" అంటున్నాడు. చట్టపరంగా ఇబ్బందేమైనా ఉందా?

జవాబు: ఉంది. మిషన్ వల్ల కాదు, మీరు ఇచ్చి వెళ్లడం వల్ల.

అల్ట్రాసోనిక్ మిషన్ ఎవరైనా కొనుక్కోవచ్చు, దానికి ఏ లైసెన్సూ అక్కర్లేదు. సొంత రివాల్వర్‌ను సొంతంగా అందులో శుభ్రం చేసుకోవడమూ తప్పు కాదు. అయితే 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం అమ్మితేనే బదిలీ అనుకోకండి. అద్దెకిచ్చినా, అరువిచ్చినా, ఊరికే ఇంకొకరి స్వాధీనంలో వదిలినా బదిలీయే. ఆ రాత్రి క్లినిక్‌లో పోలీసులు రివాల్వర్ పట్టుకుంటే, లైసెన్సు లేకుండా ఆయుధం ఉంచుకున్నారని కేసు పడేది మీ బావమరిది మీద. 2019 సవరణ తర్వాత దానికి కనీసం 2 ఏళ్లు, గరిష్ఠంగా 5 ఏళ్ల జైలు, పైన జరిమానా. అర్హత లేనివారికి అప్పగించారని మీ మీద సెక్షన్ 29, షరతులు మీరారని సెక్షన్ 30 పెట్టొచ్చు. లైసెన్సు రద్దయ్యే టెన్షన్ వేరే.

"చీటీ రాసిస్తే సరిపోదా?" అని చాలామంది అడుగుతారు. రిపేరు కోసమైతే లైసెన్సుదారు ఎదుట గానీ, ఆయన రాతపూర్వక అనుమతితో గానీ వేరేవాళ్లు తుపాకీ తీసుకెళ్లొచ్చని సెక్షన్ 3లో మినహాయింపు ఉన్న మాట నిజమే. అది తీసుకెళ్లడానికే. డ్రాయర్లో పెట్టుకుని రాత్రంతా ఉంచుకోవడానికి ఆ చీటీ అక్కరకు రాదు. పైగా రిపేరు చేసేవారికి సెక్షన్ 5 కింద విడిగా లైసెన్సు ఉండాలి.

కడగడం రిపేరు కిందికి వస్తుందా? రిపేరు అంటే ఏమిటో చట్టం నిర్వచించలేదు. మీది మీరు కడుక్కుంటే ఎవరూ రిపేరు అనరు. కానీ ఈ ముచ్చట తెలిసి మీ స్నేహితులు కూడా తమ పిస్టళ్లు పట్టుకొచ్చి, మీ బావమరిది విప్పి, కడిగి, నూనె రాసి డబ్బులు తీసుకుంటే ప్రాసిక్యూషన్ దాన్ని సెక్షన్ 5 ఉల్లంఘనే అంటుంది. దానికి శిక్ష కనీసం 7 ఏళ్లు, యావజ్జీవం దాకా. నా క్లయింటు ఎవరైనా ఆ పని చేస్తానంటే ససేమిరా వద్దంటాను.

కాబట్టి చిన్న మిషన్ ఒకటి కొని ఇంట్లోనే పెట్టుకోండి. క్లినిక్ మిషన్ ఇంటికి తెప్పించుకోవాలని కూడా చూడకండి. మసిలో సీసం ఉంటుంది. ఆ తొట్టెలోనే మళ్లీ నోట్లో పెట్టే పరికరాలు కడుగుతారు మరి. సిలిండర్ ఖాళీ చేసి, తూటాలు వేరే గదిలో పెట్టాకే మొదలుపెట్టండి. ఒక్క తూటా కూడా తొట్టెలో పడకూడదు. పెట్రోలు, కిరోసిన్ పోయొద్దు, మంటలు అంటుకుంటాయి. చెక్క పిడి ఊడదీసి, లోహానికి సరిపడే ద్రావణమే వాడండి. మిషన్ మసితో పాటు నూనెనూ కడిగేస్తుంది. ఆరబెట్టి వెంటనే నూనె రాయకపోతే తుప్పు పడుతుంది.

రివాల్వర్ మీద కొట్టిన నెంబరు ముద్రకు మిషన్‌తో ప్రమాదం లేదు. మెరుపు కోసం తర్వాత పాలిష్ పట్టించుకునేవాళ్లున్నారు, వాళ్లకే చిక్కు. నెంబరు చెరిగిన తుపాకీ ఎవరి దగ్గర దొరికితే వాళ్లే చెరిపారని సెక్షన్ 8 అనుకుంటుంది. కాదని నిరూపించుకోవాల్సింది మీరే.

ఇంత తలనొప్పి ఎందుకనుకుంటే రిపేరు లైసెన్సు ఉన్న గన్ హౌస్‌కు మీరే తీసుకెళ్లండి. ఒరిజినల్ లైసెన్సు వెంట ఉంచుకోండి. అక్కడ వదిలి రావాల్సి వస్తే తేదీ, రివాల్వర్ నెంబరు రాయించి రసీదు తీసుకోండి.