కన్సల్టెంట్ బిల్లులో రసీదు లేని ‘ఇతర ఖర్చులు’: సమాధానం

ఫ్యాక్టరీ లైసెన్స్ కన్సల్టెంట్ రసీదు లేకుండా ‘ఇతర ఖర్చులు’ 40,000 వేశాడు, కట్టాలా అని అడిగారు. దయచేసి కట్టకండి. రసీదు లేని ఆ సొమ్ము అధికారికి ఇచ్చిన లంచం కావచ్చు. లంచం ఇచ్చింది కన్సల్టెంటే అయినా, 2018 సవరణ తర్వాత అవినీతి నిరోధక చట్టం 9వ సెక్షన్ కింద కంపెనీ కూడా నిందితురాలవుతుంది. డైరెక్టర్ సమ్మతితో జరిగిందని రుజువైతే ఆయనకు 3 నుంచి 7 ఏళ్ల జైలు.

ప్రభుత్వ ఫీజు చలానా కంపెనీ ఖాతా నుంచే కట్టండి. కన్సల్టెంట్‌కు బ్యాంకు ద్వారా, చేసిన పని రాసిన ఇన్‌వాయిస్ మీదే ఇవ్వండి. ‘లైసెన్స్ వస్తేనే ఫీజు’ అనే షరతు ఉంటే తీసేయండి; అడ్డదారికి తోసేది చాలాసార్లు అదే.

లంచం బలవంతంగా ఇవ్వాల్సి వస్తే 7 రోజుల్లోపు ఏసీబీకి (అవినీతి నిరోధక శాఖకు) చెప్పాలి, దాటితే శిక్ష నుంచి రక్షణ ఉండదు. ఇవ్వకముందే చెబితే ఇంకా మేలు. తెలంగాణలో నంబరు 1064.