హెడ్‌లైట్ కేసు ఉన్నది జాబ్ కార్డు మీది కారు బొమ్మలో

ప్రశ్న: మాది విజయవాడ పటమట. ఉద్యోగం గుంటూరులో. మా నాన్నగారు రిటైరైన డబ్బుతో కొనిచ్చిన కారును 21 నెలల క్రితం గుంటూరులో ఒక సర్వీస్ సెంటర్‌కి మామూలు సర్వీసుకి ఇచ్చాను. చీకటి పడ్డాక డెలివరీ ఇచ్చారు. తెల్లారి చూస్తే కుడివైపు హెడ్‌లైట్ పగిలి ఉంది, లోపల తడి. ఆ ఉదయమే ఫొటో తీసి వాట్సాప్‌లో పంపితే ‘మా దగ్గర జరగలేదు, కొత్త లైటు సెట్టు (అసెంబ్లీ)కి 31,800 అవుతుంది’ అన్నారు. మా ఆవిడ ముందే మేనేజరు నన్ను దొంగలా చూశాడు. అప్పటినుంచీ ‘పైవాళ్లతో మాట్లాడతాం’ అంటూ తిప్పుతున్నారు. ఇప్పుడేమో ‘గేదె గుద్దిందని రాసి ఇన్సూరెన్స్‌లో వేసేద్దాం సార్’ అని అక్కడి సర్వీస్ అడ్వైజరే సలహా ఇస్తున్నాడు. సాక్ష్యం పోతుందని లైటు మార్చకుండా టేపు వేసి నడుపుతున్నాను. కాగితాలు జత చేశాను. నాకు న్యాయం జరుగుతుందా?
– ఒక పాఠకుడు

జవాబు: మీరు మూడు పేజీలు రాశారు. మేనేజరు మాటలకే ఒక పేజీ పోయింది. కేసును తేల్చే కాగితం గురించి మాత్రం ఒక్క ముక్క లేదు. అది మీరు జత చేసిన వాటిలో అట్టడుగున ఉంది: జాబ్ కార్డు, అంటే కారు సర్వీసుకి తీసుకునేటప్పుడు సెంటర్‌వాళ్లు రాసిచ్చే కాగితం.

కారు తీసుకునేటప్పుడు అడ్వైజరు చుట్టూ తిరిగి చూసి, కార్డు మీది కారు బొమ్మపై గీతలు, సొట్టలు గుర్తు పెడతాడు. మీ కార్డులో ఎడమవైపు వెనక డోరు మీద ఒక గీత, వెనక బంపర్‌కి ఒక సొట్ట గుర్తు పెట్టారు. ముందు భాగం మీద ఏ గుర్తూ లేదు. కింద అడ్వైజరు సంతకం ఉంది. అంటే కారు వాళ్ల చేతికి వెళ్లినప్పుడు హెడ్‌లైట్ బాగానే ఉందని వాళ్లే రాసిచ్చినట్టు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 151వ సెక్షన్ ప్రకారం, అప్పగించిన వస్తువును తన సొంత వస్తువులా జాగ్రత్తగా చూసుకోవడం తీసుకున్నవాడి బాధ్యత. బాగున్నది పగిలి తిరిగొస్తే అది ఎలా జరిగిందో చెప్పుకోవలసింది వాళ్లే.

అయితే అదే కార్డు అడుగున ‘వాహనం సంతృప్తికరంగా అందింది’ అన్న అచ్చు వాక్యం కింద మీ సంతకం కూడా ఉంది. చీకట్లో, లైటు వేసి కూడా చూసుకోకుండా సంతకం ఎలా పెట్టారండీ? చదువుకున్న మీరే ఇలా చేస్తే ఎలా? అవతలి లాయరు మొదట పట్టుకునేది ఆ సంతకాన్నే. దానికి జవాబు మీ దగ్గర వెతికితే దొరికింది. గేట్ పాస్ మీద టైము రాత్రి 7:10. ఆ రాత్రి కాజ టోల్‌గేట్ దాటినప్పుడు ఫాస్టాగ్ మెసేజ్ వచ్చే ఉంటుంది. బ్యాంకు నుంచి ఆ రోజు స్టేట్‌మెంట్ తీయించండి. దారిలో ఎక్కడా ఆగకుండా ఇంటికి వచ్చారని చెప్పడానికి అది పనికొస్తుంది. తెల్లారి మీరు పంపిన ఫొటో మిగతాది చెబుతుంది. ఆ ఫొటో ఉన్న ఫోను అమ్మకండి, చాట్ చెరపకండి. భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇవ్వాల్సిన సర్టిఫికెట్ జత చేసి దాఖలు చేద్దాం. వాళ్ల సీసీ కెమెరా ఫుటేజీ మొదటి వారంలోనే రాతపూర్వకంగా అడగాల్సింది. ఇన్నాళ్లకు ఇక దాని మీద ఆశ పెట్టుకోవద్దు.

ఇప్పుడు అసలు టెన్షన్ పడాల్సిన విషయం చెబుతాను. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని 69వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదుకు గడువు రెండేళ్లు. మీకు మిగిలింది మూడు నెలలు. వాళ్లు ‘రేపు రండి, ఎల్లుండి రండి’ అన్నంత మాత్రాన గడువు ఆగదు. మీరు నోటీసు పంపినా, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసినా ఆగదు. ఆలస్యానికి తగిన కారణం చూపిస్తే వినియోగదారుల కమిషన్ మన్నించవచ్చు గానీ, ‘మేనేజరు తిప్పాడు’ అన్నదాన్ని నమ్ముకుని కూర్చోవద్దు.

ఇక ఆ గేదె కథ. దాని జోలికి అస్సలు పోవద్దు. క్లెయిమ్ ఫారం మీద ‘రోడ్డు మీద గేదె గుద్దింది’ అని సంతకం పెట్టిన క్షణాన, లైటు మీ చేతిలో ఉండగా పగిలిందని మీరే ఒప్పుకున్నట్టు. సర్వీస్ సెంటర్ మీద కేసు అక్కడికి సరి. ఆ అడ్వైజరు మీకు సాయం చేయడం లేదు, తన సంస్థను బయట పడేస్తున్నాడు. టేపు జిగురు కింద పేరుకున్న దుమ్ము చూస్తే ఇన్సూరెన్స్ సర్వేయరుకు అది పాత పగులని తెలిసిపోతుంది. తప్పుడు క్లెయిమ్ అంటే మోసం. భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ వరకూ వెళుతుంది. పోనీ డబ్బులైనా వస్తాయా? హెడ్‌లైట్ ముందు భాగం గాజు కాదు, ప్లాస్టిక్. మీ పాలసీలో జీరో డిప్ (తరుగు కోయకుండా ఇచ్చే అదనపు కవర్) లేదు కాబట్టి ప్లాస్టిక్‌కి 50 శాతం తరుగు కోస్తారు. పార్టు ధర 31,800లో 15,900 పోతుంది. మీది 1500 సీసీ లోపు కారు, తప్పనిసరిగా మీరు భరించాల్సిన 1,000 కూడా తీసేస్తే మిగిలేది 14,900. రెన్యువల్‌లో 45 శాతం నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) కూడా పోతుంది. నిజంగా గేదె గుద్దినా ఈ లెక్క చూసుకున్నాకే క్లెయిమ్‌కి వెళ్లాలి.

సాక్ష్యం కోసం టేపు వేసుకుని రాత్రిళ్లు హైవే మీద తిరగడం ఇంకా పెద్ద పొరపాటు. ఒంటి లైటుతో వచ్చే కారును ఎదుటివాడు బైకు అనుకుంటాడు. రేపు ప్రమాదం జరిగితే తప్పు మీ మీదకే వస్తుంది. లైటు మార్చుకుంటే కేసు పోతుందన్న భయం వద్దు. పద్ధతిగా మార్చుకోండి.

ఈ వారమే సర్వీస్ సెంటర్‌కి స్పీడ్ పోస్టులో, రిజిస్ట్రేషన్ కూడా చేయించి, నోటీసు పంపండి: ‘ఏడు రోజుల్లో వచ్చి లైటు చూసుకోవచ్చు, రాకపోతే మార్పిస్తాను, ఖర్చు మీదే.’ ఆ ఏడు రోజులు దాటాక ఆటోనగర్‌లో అనుభవమున్న మెకానిక్‌కి చూపించి, ఏం పగిలిందో రాతలో తీసుకోండి. లైటును బాడీకి పట్టి ఉంచే బిగింపు చెవులు మాత్రమే విరిగితే రిపేరుతో సరిపోతుంది, అప్పుడు కొత్త అసెంబ్లీ డబ్బు అడిగితే కమిషన్ ఒప్పుకోదు. మీ ఫొటోలో పగులు ముందు భాగం మీదే ఉంది, నీరు కూడా దిగింది కాబట్టి మార్చక తప్పదనుకుంటాను. విప్పేటప్పుడు వీడియో తీయండి. జీఎస్టీ బిల్లు తీసుకోండి. పాత లైటును కొత్తదాని అట్టపెట్టెలోనే పెట్టి ఇంట్లో దాచండి.

సెంటర్ గుంటూరులో ఉన్నా మీరు ఉండేది విజయవాడ కాబట్టి ఇక్కడి జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయవచ్చు, 34వ సెక్షన్ ఆ వీలు ఇచ్చింది. ఫీజుకు లెక్కలోకి వచ్చేది సర్వీసుకి మీరు కట్టిన మొత్తం. అది 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు, లాయరు తప్పనిసరి కాదు. లైటు ఖర్చు, కోర్టు ఖర్చులు, మానసిక వేదనకు ఒక మోస్తరు మొత్తం అడగండి. లక్షలు అడిగి కేసును పలచన చేసుకోవద్దు. నోటీసుకు జవాబు వచ్చినా రాకపోయినా వచ్చే నెలాఖరులోగా ఫిర్యాదు పడిపోవాలి. జాబ్ కార్డు ఒరిజినల్ మాత్రం ఎవరడిగినా ఇవ్వకండి, సర్వీస్ సెంటర్‌వాళ్లు ‘ఒకసారి చూసి ఇస్తాం’ అన్నా సరే.