120నా 140నా అని అడిగే ముందు పట్టీ ఎలా కట్టారో అడగండి

ప్రశ్న: మా నాన్నకు 67 ఏళ్లు. షుగర్ లేదు. బీపీ పై అంకె 120 లోపు ఉండాలని ఒక డాక్టరు, 140 లోపు ఉంటే చాలని ఇంకో డాక్టరు అంటున్నారు. ఎవరి మాట వినాలి?

జవాబు:

ఆ ఇద్దరినీ కాసేపు పక్కన పెట్టండి. ముందు ఆ బీపీ ఎవరు, ఎలా చూశారో చెప్పండి. నాన్నగారు కుర్చీలో వీపు ఆనించి కూర్చున్నారా? చెయ్యి బల్ల మీద ఉందా, ఒళ్లో ఉందా? చొక్కా చేతి మీదుగానే పట్టీ చుట్టేశారా? ఇవన్నీ అడుగుతానని మా ఇంట్లో నన్ను చాదస్తం మనిషంటారు. అననివ్వండి.

మాది నర్సంపేట. అమ్మ చాన్నాళ్లుగా బీపీ గోళీ వేసుకుంటుంది. ఒక ఎండాకాలం హన్మకొండలో ఒక ప్రైవేటు దవాఖానకు తీసుకెళ్లాను. బస్సులో నిలబడి వచ్చింది, దిగాక మెట్లెక్కింది. హాలు నిండా జనం, టీవీ మోత. డాక్టరు గది బయట ఒక అబ్బాయి బల్ల వేసుకుని, వచ్చినవాళ్లకు వచ్చినట్టే బీపీ చూసి చీటీ మీద రాసేస్తున్నాడు. అమ్మ స్టూలు అంచున కూర్చుందో లేదో, జాకెట్టు మీదే పట్టీ బిగించాడు. అమ్మ దండచెయ్యి లావు. పట్టీ సరిగా అతుక్కోకపోతే అరచేత్తో అదిమి పట్టుకున్నాడు. చెయ్యేమో కిందికి వేలాడుతోంది. పైగా "పొద్దున ఏం తిన్నవమ్మా?" అన్నాడు. మా అమ్మను అలాంటివి అడగకూడదు. ఉప్మాతో మొదలుపెట్టి, చిన్నమ్మ కూతురి పెళ్లిలో తనను బువ్వకు పిలవలేదన్న పాత కోపం దాకా వెళ్లింది, అదీ గొంతు పెంచి. మిషన్ 178 చూపించింది. రాసేశాడు.

"కొంచెంసేపు కూసున్నాక ఇంకోసారి చూడు తమ్మీ" అన్నాను.

"మిషన్ కరెక్టే సార్, వెనక లైన్ ఉంది."

లోపల డాక్టరు ఆ అంకె చూసి ఇంకో గోళీ కలిపారు. ఆయన్ని నేనేమీ అనను. ఆయన ముందున్నది చీటీ ఒక్కటే.

కొన్నాళ్లకు తెల్లవారుజామున మంచం దిగుతూ కళ్లు తిరిగి గోడకు కొట్టుకుంది. నొసటి మీద బొప్పి. "ఎండకు అట్లనే అయితది" అని తనే తేల్చేసింది. మా సబ్ సెంటర్ ఏఎన్ఎం వచ్చి, "పెద్దమ్మా, జెరసేపు మాట్లాడకు" అని అమ్మ నోరు మూయించింది (అది మాలో ఎవరికీ చేతకాలేదు). ఐదు నిమిషాలు కూర్చోబెట్టి, చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద పెట్టించి, రెండుసార్లు చూసింది. 106. నిలబెట్టి చూస్తే ఇంకా తక్కువ. వెంటనే డాక్టరుకు ఫోన్ చేశాం. ఆయనే రెండో గోళీ తీసేశారు. మా అంతట మేం ఆపలేదు, మీరూ ఆపొద్దు. పెద్ద పట్టీ ఉన్న మిషన్ ఒకటి కొన్నాం. ఇప్పుడు డాక్టరు దగ్గరికి ఇంటి అంకెలు రాసుకునే వెళ్తాం.

ఆ అబ్బాయి పనితనానికి ఎంత తేడా వస్తుందో అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీ వాళ్లు కొలిచి మరీ చూశారు. చెయ్యి ఒళ్లో పెట్టుకుంటే పై అంకె దాదాపు 4 ఎక్కువ వస్తుంది, పక్కకు వేలాడదీస్తే 6కు పైనే. అది 2024లో వచ్చింది. అంతకు ముందు ఏడాది పట్టీ సైజులు చూశారు. బాగా పెద్ద పట్టీ కావాల్సిన చేతికి మామూలుది కడితే దాదాపు 20 ఎక్కువ చూపించింది. మీ ఇద్దరు డాక్టర్ల మధ్య తగాదా కూడా సరిగ్గా ఆ 20 దగ్గరే కదా!

ఆ 120 వచ్చింది అమెరికాలోనే జరిగిన స్ప్రింట్ అనే ట్రయల్ నుంచి. 2015లో ఫలితాలు వచ్చాయి. గుండెజబ్బు ముప్పు ఎక్కువగా ఉన్న, 50 దాటిన 9,361 మందిని రెండు గుంపులు చేసి, ఒకరికి 120 లోపు, ఇంకొకరికి 140 లోపు గురి పెట్టారు. 120 గుంపులో గుండెపోటు, పక్షవాతం లాంటివన్నీ కలిపి పావు వంతు తగ్గాయి, చావులు 27 శాతం తగ్గాయి. కళ్లు తిరిగి పడిపోవడం, కిడ్నీ ఇబ్బందులు మాత్రం పెరిగాయి. షుగర్ ఉన్నవాళ్లనీ, పక్షవాతం వచ్చినవాళ్లనీ అందులో చేర్చుకోలేదు. అసలు సంగతేంటంటే, అక్కడ బీపీ ఐదు నిమిషాలు కూర్చోబెట్టి, ఆటోమేటిక్ మిషన్‌తో మూడుసార్లు చూసి సగటు తీశారు. ఆ 120ని తెచ్చి మన స్టూలు మీది అంకె పక్కన పెట్టి గోళీలు పెంచితే ఎలా?

కాబట్టి షుగర్ లేని మీ నాన్నగారి విషయంలో 120 అన్న డాక్టరు మాటకు బలం ఉంది, కొలత అలా తీసుంటేనే. "ముసలితనంలో బీపీ మామూలే" అనే చుట్టాల మాట మాత్రం వినకండి. 80 దాటినవాళ్ల మీదే హైవెట్ అని ఒక ట్రయల్ జరిగింది, 2008లో అచ్చయింది. 150 లోపుకు గురిపెట్టి మందులిస్తే వాళ్లలోనూ చావులు తగ్గాయి.

వాట్సాప్‌లో వెల్లుల్లి వైద్యం పంపేవాళ్లకు మన పక్క సిద్దిపేట జిల్లాలో జరిగిన పని మాత్రం తెలియదు, అదే నా కడుపుమంట. అక్కడ ఏడు ఊళ్లలో బీపీ ఉన్న 502 మందిలో కొందరికి మామూలు ఉప్పు, కొందరికి 30 శాతం పొటాషియం క్లోరైడ్ కలిపిన ఉప్పు ఇచ్చారు. ఎవరిది ఏ ఉప్పో వాళ్లకు చెప్పలేదు. మూడు నెలల్లో రెండో గుంపుకు పై అంకె 4.6 అదనంగా తగ్గింది. 2021లో అచ్చయింది. తొక్కు మానలేని మనలాంటి ఇళ్లకు ఇంతకంటే సులువైన దారి నాకైతే కనబడలేదు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, టెల్మిసార్టాన్ లాంటి బీపీ గోళీలు వేసుకునేవాళ్లు డాక్టరును అడగకుండా ఆ ఉప్పు ముట్టొద్దు, పొటాషియం పెరిగిపోతుంది. మా డాక్టరు సరేనన్నాక కిరాణా కొట్టుకు వెళ్లి అడిగితే ఇదే అది అంటూ సైంధవ లవణం చేతిలో పెట్టాడు. అదీ చాలావరకు సోడియం క్లోరైడే, ధర మాత్రం ఎక్కువ.