ఇచ్చిన అర్రేని ఇచ్చినట్టే ఉంచు

చిరంజీవి నాన్నకి,

పిన్ని ఆశీస్సులు. ఆదివారం నువ్వు టిన్ ఫ్యాక్టరీ దగ్గర బస్సు దిగి ఇంటికొచ్చి, అన్నం తింటూనే లాప్‌టాప్ తెరిచి చూపించావు కదా, ఆ కోడ్ గురించే రెండు రోజులుగా ఆలోచిస్తున్నాను. మీ టీమ్ కోసం టైప్‌స్క్రిప్ట్‌లో (టైపులు చేర్చిన జావాస్క్రిప్ట్) అర్రే మెథడ్‌ల లైబ్రరీ, అంటే విలువల వరుస మీద పని చేసే ఫంక్షన్ల మూట, రాస్తున్నానన్నావు. చుక్క పెట్టి ఒకదాని వెనక ఒకటి గొలుసులా పిలుచుకోవచ్చు, అసలు అర్రే మాత్రం మారదు అన్నావు. మీ బాబాయి కబుర్లలో పడి అప్పుడు సరిగా చెప్పలేకపోయాను.

"మారదు" అన్నావే, ఆ మాట మీద నిలబడు. మిగతావన్నీ దాని తర్వాతే.

ఇంత పట్టుబట్టి ఎందుకు చెప్తున్నానంటే, బెంగళూరు వచ్చిన కొత్తలో ఒక చిన్న కంపెనీలో బస్సు రూట్లు చూపించే పేజీ నా చేతికిచ్చారు. నువ్వెక్కే 500డి లాంటి రూటే అనుకో: సిల్క్ బోర్డు, మారతహళ్లి, టిన్ ఫ్యాక్టరీ, హెబ్బాళ. తిరుగు ప్రయాణానికి ఇవే స్టాపులు వెనక నుంచి కావాలి. రివర్స్ పిలిచి, వచ్చినదానికి వేరే పేరు పెట్టుకున్నాను. పేరు వేరు గానీ అర్రే అదే. రివర్స్ కొత్తదేమీ తయారు చేయదు, ఉన్నదాన్నే తిప్పేసి దాన్నే మళ్లీ చేతిలో పెడుతుంది. దాంతో వెళ్లే బస్సు కూడా హెబ్బాళ నుంచే బయల్దేరేది. రూటు మూసి మళ్లీ తెరిస్తే ఇంకోసారి తిరగబడి, వెళ్లే దారి సరిగ్గా కనిపించేది, తిరుగు దారి తప్పేది. నేను చూసినప్పుడల్లా ఏదో ఒకటి బాగానే ఉండేది. తప్పు చూపించిన టెస్టర్ అమ్మాయితో వాదించాను కూడా. ఆమె చెప్పిందే నిజం. మూడు రోజులు నిద్ర లేదు నాకు.

క్రమంలో పెట్టే సార్ట్, మధ్యలో తీసేసే, చేర్చే స్ప్లైస్ కూడా రివర్స్ లాంటివే. ఒక్కోదాన్నీ మార్చి ఇచ్చే మ్యాప్, కావలసినవే ఏరి ఇచ్చే ఫిల్టర్ మాత్రం 2009లో ఈఎస్5తో (జావాస్క్రిప్ట్ ప్రమాణంలో ఒక వెర్షన్) వచ్చినప్పటి నుంచీ కొత్త అర్రేనే ఇస్తున్నాయి. ఈ రెండు రకాలూ ఒకే గొలుసులో పక్కపక్కన ఉంటాయి చూడు, అసలు ప్రమాదం అక్కడే. ఫిల్టర్ తర్వాత సార్ట్ వస్తే ఏమీ కాదు, ఫిల్టర్ ఇచ్చిన కొత్త అర్రే మీద అది పని చేస్తుంది. ఆరు నెలల తర్వాత ఇంకెవరో వచ్చి, ఈ ఫిల్టర్ ఎందుకులే అని ఆ ఒక్క లైను తీసేస్తారు. అంతే, సార్ట్ నేరుగా అసలు అర్రే మీద పడుతుంది. తీసేసిన లైనుకీ, పాడైన స్క్రీనుకీ సంబంధం ఎవరికీ తట్టదు. నీ లైబ్రరీ ఉండేది ఆ మనిషిని కాపాడటానికే, నాన్నా. అందుకే నీ మెథడ్‌లలో ఒక్కటి కూడా ఈ నియమం తప్పకూడదు.

ఈఎస్2023లో టూసార్టెడ్, టూరివర్స్‌డ్, టూస్ప్లైస్‌డ్, ఒక్క ఐటమ్‌ని మార్చే విత్ వచ్చాయి, ఇవి కాపీ మీదే పని చేస్తాయి. వీటి టైపులు టైప్‌స్క్రిప్ట్ 5.2లో చేరాయి, బ్రౌజర్ బయట జావాస్క్రిప్ట్ నడిపే నోడ్ 20లో ఇవి నడుస్తాయి. మీ ఆఫీసులో అంతకంటే పాత వెర్షన్ ఉంటే ముందు స్లైస్‌తో కాపీ తీసి, ఆ కాపీని సార్ట్ చెయ్యి. సార్ట్‌కి పోల్చే ఫంక్షన్ ఇవ్వకపోతే అంకెల్ని కూడా అక్షరాల్లా పోలుస్తుందని మర్చిపోకు: 1, 9, 10 బదులు 1, 10, 9 వస్తుంది. నీ మెథడ్‌లో ఆ ఫంక్షన్ ఇవ్వడం తప్పనిసరి చెయ్యి.

టైపుల సంగతి. లోపలికి తీసుకునే అర్రేని ఎప్పుడూ రీడ్‌ఓన్లీ (చదవడానికే, మార్చడానికి కాదు) అని రాయి. మామూలు అర్రేని రీడ్‌ఓన్లీ అడిగిన చోట ఇవ్వొచ్చు, రీడ్‌ఓన్లీని మామూలు అర్రే అడిగిన చోట ఇస్తే కంపైలర్ ఒప్పుకోదు. కాబట్టి అలా రాస్తే నీ లైబ్రరీ వాడేవాళ్లకి ఏ ఇబ్బందీ రాదు, పొరపాటున నువ్వే లోపల సార్ట్ పిలిస్తే అక్కడికక్కడే ఎర్రగీత పడుతుంది. బయటికి ఇచ్చేది మాత్రం మామూలు అర్రేనే ఇవ్వు. అది వాళ్ల కోసం కొత్తగా చేసిందే కదా, ఏం చేసుకుంటారో వాళ్లిష్టం. అందరూ ఇలా అనరు, నా అనుభవంలో ఇదే నయం.

అయితే రీడ్‌ఓన్లీ పైపొర వరకే. అర్రేలో ఉన్న ఆబ్జెక్టుల్ని అది కాపాడదు. మ్యాప్ లోపల ఎవరైనా స్టాపు పేరు మార్చేస్తే అసలు స్టాపు పేరే మారిపోతుంది. నువ్వు దాన్ని ఆపలేవు, డాక్యుమెంటేషన్‌లో మాత్రం స్పష్టంగా రాయి. ఇంకొకటి: నీకు అర్రే ఇచ్చినవాళ్లు తర్వాత తమ వైపు నుంచి దాన్ని మార్చొచ్చు, రీడ్‌ఓన్లీ వాళ్లని ఆపదు. కన్‌స్ట్రక్టర్‌లో (క్లాస్ నుంచి కొత్త ఆబ్జెక్టు పుట్టేటప్పుడు నడిచే ఫంక్షన్) ఒకసారి కాపీ తీసి పెట్టుకో.

ఆదివారం నీ కోడ్‌లో నాకు టెన్షన్ పెట్టింది ఒక్కటే, అర్రే ప్రోటోటైప్‌కి, అంటే అర్రేలన్నిటికీ మెథడ్‌లు వచ్చే ఉమ్మడి చోటుకి, మెథడ్‌లు తగిలించడం. అది తీసెయ్యి. మూటూల్స్ అనే పాత లైబ్రరీ అలాగే ఫ్లాటెన్ అనే మెథడ్ తగిలించింది. 2018లో జావాస్క్రిప్ట్‌లోకే అదే పేరుతో మెథడ్ తేబోతే, మూటూల్స్ వాడే పాత సైట్లు చెడిపోతాయని తేలి, చివరికి ఫ్లాట్ అని పేరు మార్చాల్సి వచ్చింది. అర్రేని ఎక్స్‌టెండ్ చేసి సొంత క్లాస్ రాద్దామనీ అనుకోకు. కన్‌స్ట్రక్టర్‌కి 3 అనే ఒక్క అంకె ఇస్తే, 3 ఉన్న అర్రే కాకుండా మూడు ఖాళీలున్న అర్రే వస్తుంది. అర్రేని ప్రైవేటుగా లోపల దాచుకునే చిన్న క్లాస్ చాలు. గొలుసులో వచ్చే ప్రతి మెథడ్ ఆ క్లాస్‌నే కొత్తగా ఇవ్వాలి, చివర్లో మామూలు అర్రే తీసుకోవడానికి ఒక మెథడ్ ఉండాలి. మొదటిది, చివరిది ఇచ్చే మెథడ్‌ల టైపులో అన్‌డిఫైన్డ్ (విలువ లేదు అని) కూడా చేర్చు, అర్రే ఖాళీగా ఉండొచ్చు కదా.

వేగం గురించి అడిగావు. ప్రతి మెట్టులో కొత్త అర్రే పుడుతుంది, నిజమే. మీ స్క్రీన్లలో ఉండే వందల వరుసలకి అది లెక్కలోకి రాదు. అర్రే అంతటినీ ఒక్క ఫలితంగా కలిపే రెడ్యూస్ లోపల ప్రతిసారీ పాతదంతా కొత్త అర్రేలోకి స్ప్రెడ్ చేసి (కాపీ తీసి) ఒక్కటి కలుపుతూ పోయావే, అది మాత్రం మార్చు. పదివేల వరుసలుంటే దాదాపు 5 కోట్ల కాపీలవుతాయి. ఆ ఫంక్షన్ లోపలే పుట్టిన అర్రేకి పుష్ చేస్తే (చివర చేరిస్తే) తప్పేం లేదు, బయటివాళ్లెవరూ దాన్ని ఇంకా చూడలేదు.

టెస్టులు రాసేటప్పుడు ప్రతి మెథడ్‌కీ ఆబ్జెక్ట్ ఫ్రీజ్ చేసిన (మార్చడానికి వీల్లేకుండా బిగించిన) అర్రేనే ఇవ్వు, రెండు మూడు ఐటమ్‌లు వరుస తప్పి ఉండేలా. ఎక్కడైనా అసలుదాన్ని మార్చబోతే వెంటనే టైప్ ఎర్రర్ వస్తుంది. వచ్చే ఆదివారానికి అవి రాసి తీసుకురా, కూర్చుని చూద్దాం. మీ అమ్మకి ఫోన్ చెయ్యి, వారం నుంచి చేయలేదట.

ప్రేమతో,
పిన్ని