చెప్పకుండా రావద్దు, చెప్పి రండి

ప్రశ్న: మాది రాజంపేట దగ్గర ఒక పల్లె. మా వారు 2009లో కువైట్ వచ్చి ఒక ప్రైవేటు సంస్థలో అకౌంటెంటుగా చేరారు. పెళ్ళయ్యాక నేనూ వచ్చాను. అమ్మాయి ఎనిమిదో తరగతి, అబ్బాయి మూడో తరగతి చదువుతున్నారు. ఇద్దరూ ఇక్కడే పుట్టారు. అత్తమామల ఆరోగ్యం బాగుండడం లేదు కనుక మార్చిలో పరీక్షలు కాగానే శాశ్వతంగా ఇంటికి వెళ్ళిపోవాలని నిర్ణయించుకున్నాం. మా వారు ఈ సంగతి చివరిదాకా ఎవరికీ చెప్పవద్దంటున్నారు. చెబితే దిష్టి తగులుతుందనీ, తలా ఒక పొట్లం చేతికిచ్చి ఊళ్ళో అందజేయమంటారనీ ఆయన భయం. అమ్మాయి పదో తరగతి అయ్యేదాకా ఆగమని ఏడుస్తోంది. కార్గో పెట్టెలో నేను సర్దిన తన పుస్తకాలను రాత్రి లేచి తీసి, మళ్ళీ అలమరలో పెట్టుకుంది. మా ఊరి అక్క ఒకామె ఇక్కడ ఒక కువైటీ ఇంట్లో పనిచేస్తూ, సెలవు దొరికిన శుక్రవారాల్లో మా ఇంటికి వచ్చి భోంచేసి వెళుతుంది. ఆమెకు ఈ మాట చెప్పడానికి నాకు నోరు రావడం లేదు. సొంత ఊరికి వెళుతూ ఇంతగా బాధపడడం తప్పా?
– ఒక సోదరి, ఫర్వానియా, కువైట్

జవాబు: తప్పు కాదమ్మా. మీరు పెళ్ళయిన కొత్తలో కాపురం పెట్టినదీ, ఇద్దరు బిడ్డలను కన్నదీ, మీవారి కష్టంతో ఊళ్ళో ఇంటికి డబ్బు పంపినదీ అక్కడినుంచే. అలాంటి చోటిని విడిచి వస్తున్నప్పుడు కన్నీళ్ళు రాకపోతేనే ఆశ్చర్యపడాలి.

ముందుగా అమ్మాయి సంగతి చూద్దాం. మీకు రాజంపేట ఇల్లు. ఆమెకు అది జూలై, ఆగస్టు సెలవుల్లో చూసి వచ్చే అవ్వాతాతల ఊరు. అమెరికాలో పుట్టిన పిల్లలకు సాధారణంగా ఆ దేశపు పౌరసత్వం ఉంటుంది కనుక పెద్దయ్యాక ఎప్పుడైనా వెళ్ళి రాగలరు. కువైట్‌లో పుట్టిన విదేశీయుల పిల్లలకు ఆ హక్కు లేదు. తండ్రి అకామా (నివాస అనుమతి) మీదే వారి అకామా ఆధారపడి ఉంటుంది. అది రద్దయ్యాక, తాము పుట్టిన ఊళ్ళో మళ్ళీ కాలు పెట్టాలంటే వీసా అడగవలసిందే. ఆ వయసు పిల్లకు ఈ విషయం తెలియకుండా ఉండదు. అందుచేత "సెలవులకు మళ్ళీ వద్దాంలే" అని ఊరడించకండి. వచ్చే అవకాశం నిజంగా ఉంటేనే ఆ మాట అనండి, లేకపోతే లేదనే చెప్పండి.

రెండేళ్ళు ఆగమని ఆమె అడుగుతున్న దానికి కూడా కోపంతో కాక కారణంతో జవాబు ఇవ్వాలి, ఎందుకంటే బలమైన కారణమే ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో ఇంజనీరింగ్, వైద్య కళాశాలల్లో ర్యాంకును బట్టి ప్రభుత్వం భర్తీ చేసే కన్వీనర్ కోటాలో 85 శాతం సీట్లు స్థానిక అభ్యర్థులకే కేటాయిస్తారు. మీ అమ్మాయిని స్థానికురాలిగా లెక్కించాలంటే ఇంటర్మీడియట్‌తో ముగిసేలా వరుసగా నాలుగు విద్యా సంవత్సరాలు, అంటే తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్ళు, మీ రాజంపేట వచ్చే శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ పరిధిలోని జిల్లాల్లో చదివి ఉండాలి. పదో తరగతి కువైట్‌లో ముగించి వస్తే ఆ లెక్క తప్పిపోతుంది. పైగా ఆమె బడి సీబీఎస్ఈదైతే తొమ్మిదో తరగతిలోనే బోర్డుకు పేరు నమోదవుతుంది. మధ్యలో బడి మారాలంటే బోర్డు అనుమతులతో తిప్పలు పడాలి. ఎనిమిది ముగించి రావడం అన్ని విధాలా మేలు. ఈ లెక్కను ఆమెనే కూర్చోబెట్టి, కాగితం మీద వేసి చూపించండి. తన మాట కాదన్నందుకు ఆమెకు బాధ ఉండవచ్చు కానీ, తనను అడగకుండా సామానుతో పాటు మోసుకుపోతున్నారన్న బాధ ఉండకూడదు.

ఆమె పుస్తకాలను అలమరలోనే ఉండనివ్వండి. కార్గోలో చివరి పెట్టె ఆమెది కావాలి. అందులో ఏం పెట్టాలో, ఎవరికి ఏం ఇచ్చి రావాలో ఆమే తేల్చుకోవాలి. ఫిబ్రవరి 25, 26 తేదీల్లో వచ్చే జాతీయ దినోత్సవం, విమోచన దినోత్సవం నాడు పిల్లలిద్దరినీ తీసుకుని గల్ఫ్ రోడ్డు మీదికి వెళ్ళండి, జెండాలు పట్టుకోనివ్వండి. స్నేహితురాళ్ళను ఒక పూట ఇంటికి పిలిచి మీ చేతి వంట పెట్టండి. జమియాకు (సహకార దుకాణానికి) వెళ్ళి వేడివేడి ఖుబ్జ్ రొట్టెలు తెచ్చే పని చివరి నెలంతా పిల్లలకే అప్పగించండి. బడి బస్సు డ్రైవరుకూ, మీ భవనం కాపలా చూసే హారిస్‌కూ, బకాలా (కిరాణా కొట్టు) అతనికీ పిల్లల చేతనే సెలవు చెప్పించండి. వాళ్ళూ ఏదో ఒక దేశం నుంచి ఇల్లు విడిచి వచ్చినవాళ్ళే. వెళ్ళివస్తామన్న మాట విలువ వాళ్ళకు ఇంకా బాగా తెలుసు.

ఇక మీవారి భయం. పొట్లాల బాధ నిజమే, గల్ఫ్ నుంచి వచ్చేవాళ్ళందరూ పడేదే. "కుటుంబమంతా శాశ్వతంగా వెళుతున్నాం, మా సామానే బరువు మించుతోంది, ఎవరివీ తీసుకుపోలేం" అని అందరికీ ఒకే మాట చెబితే నొచ్చుకునేవారు ఉండరు. లోపల ఏముందో తెలియని పొట్లాన్ని ఎంత దగ్గరివారు ఇచ్చినా పట్టుకోకూడదు కూడా. దిష్టి మాటకొస్తే, వచ్చాక గుమ్మంలో మీ అత్తగారు ఎలాగూ తీస్తారు! అసలు ఈ సంగతి దాచడమే సాధ్యం కాదు. 2010 నాటి కువైట్ కార్మిక చట్టం ప్రకారం నెల జీతం తీసుకునేవారు మూడు నెలల ముందు నోటీసు ఇవ్వాలి. మార్చి చివరికి బయలుదేరాలంటే డిసెంబరులోనే రాజీనామా చేతికివ్వాలి. ఆఫీసుకు తెలిసిన మాట ఫర్వానియాలో తెలియకుండా ఉంటుందా?

ఉద్యోగం మానేటప్పుడు సంస్థ ఇచ్చే సర్వీసు డబ్బు లెక్క కూడా ఆయన ముందే వేసుకోవాలి. అదే చట్టం మొదటి ఐదేళ్ళకు ఏడాదికి 15 రోజుల జీతం, ఆ తరువాత ఏడాదికి ఒక నెల జీతం ఇవ్వాలంటుంది. మొత్తం ఏడాదిన్నర జీతానికి మించదు. పదేళ్ళు దాటినవారు తామే రాజీనామా చేసినా పూర్తిగా ఇవ్వాలి. 16 ఏళ్ళ సర్వీసు అనుకుంటే అది దాదాపు 14 నెలల జీతం. డబ్బు ఖాతాలో పడకముందే "అన్నీ ముట్టాయి" అన్న కాగితం మీద సంతకం పెట్టవద్దని చెప్పండి. మీరు చేరిన చీటీలు, బ్యాంకు అప్పు, కరెంటు బిల్లు, ట్రాఫిక్ జరిమానాలు అన్నీ తీర్చుకోండి. ప్రభుత్వానికి బాకీ ఉన్నవారిని అది కట్టేదాకా విమానం ఎక్కనివ్వరు.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా కదిలించింది మీ ఊరి అక్క. అందరికంటే ముందు ఆమెకే చెప్పండి. ఫోనులో కాదు, ఆమె వచ్చిన శుక్రవారం, భోజనమయ్యాక, పక్కన కూర్చుని చెప్పండి. కువైటీ ఇళ్ళలో పనిచేసే కడప, గోదావరి జిల్లాల స్త్రీలకు తెలిసిన తెలుగు కుటుంబం ఒక్కటే పుట్టిల్లు. జీతంలో దాచిన డబ్బు, ముక్కు పుడక, ఇంటి కాగితాలు అక్కడే ఉంచుతారు. ఆమెవి మీ దగ్గర ఏమైనా ఉంటే ఒక్కొక్కటీ ఆమె ఎదుటే లెక్కపెట్టి అప్పగించండి. మీరు బయలుదేరేలోగా నమ్మకమైన మరో తెలుగు కుటుంబానికి ఆమెను పరిచయం చేసి, ఆ ఇంట్లో ఆమెతో కలిసి ఒక పూట భోంచేయండి. భారత రాయబార కార్యాలయం ఫోన్ నంబరును ఆమె ఫోనులో మీరే ఎక్కించండి. ఊళ్ళో ఉన్న ఆమె పిల్లలను వెళ్ళి చూసివస్తానని మాట ఇవ్వండి, వచ్చిన వారంలోనే వెళ్ళండి.

మీవారికి ఇంకొక్క మాట. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌ను ఆక్రమించినప్పుడు లక్షమందికి పైగా భారతీయులు ఉన్నవి ఉన్నట్టే వదిలి, ఎడారి దాటి అమ్మాన్ చేరి, అక్కడినుంచి విమానాల్లో ఇంటికి వచ్చారు. పక్కింటివారు ఏమయ్యారో చాలామందికి తెలియలేదు. 2020లో కరోనా కాలంలోనూ ఎందరో అలాగే వచ్చేశారు. మీకు మూడు నెలల వ్యవధి ఉంది, దాన్ని వాడుకోండి.

ప్రశ్న: మా అబ్బాయి కుటుంబం మస్కట్ నుంచి వచ్చే నెలలో పూర్తిగా వచ్చేస్తోంది. మనవలకు మా ఊరు నచ్చాలంటే మేమేం చేయాలి?
– ఒక తాతగారు, రాజోలు

జవాబు: మొదటి పది రోజులు బంధువులను పిలవకండి. పిల్లలు సెలవులకు వచ్చినప్పుడు చుట్టాలుగా చూశారు. ఇప్పుడు వారికి ఒక మంచం, ఒక బల్ల, బట్టలు పెట్టుకునే ఒక అర సొంతంగా కావాలి. "అక్కడ ఏముంది, ఇసుకే కదా" అని మాట వరసకైనా అనవద్దు. మస్కట్ గురించి అడగండి, వాళ్ళు చెబుతుంటే వినండి. తెలుగు చదవడం రాకపోతే నలుగురిలో నవ్వకండి. సాయంత్రం నడకకు తీసుకువెళ్ళి బస్సు మీద ఊరి పేరు, కొట్టు మీద బోర్డు చదివించండి. అక్కడి స్నేహితులతో మాట్లాడుకోవడానికి వారానికి ఒక సాయంత్రం ఫోను వాళ్ళకు వదిలేయండి. శుక్రవారమైతే అక్కడి పిల్లలకు బడి సెలవు.